బొమ్మ వెనక కాగితం

గాజుతలుపు తోసుకుని లోపల అడుగు పెట్టగానే సర్వేయరు చేతిలో ఒక చిన్న పుస్తకం పడింది. రండి అనలేదు, కూర్చోండి అనలేదు, ముందు పుస్తకం. ‘కారు బొమ్మ కొత్తగా కొనేవారికి పది సలహాలు’. అట్ట మీద గ్యాలరీ యజమాని ఫొటో, గడ్డం కింద చూపుడువేలు ఆనించుకుని, ఎదుటివాడి అజ్ఞానానికి జాలిపడుతూ. అదే మనిషి అదే ముఖంతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన్ని సలహాలాయన అంటారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు.

సర్వేయరు గోడగడియారం చూశాడు. ఒంటిగంటా ముప్పయ్యయిదు. సాయంత్రం ఐదింటికి క్లచ్ మాస్టారిని కోర్టులో హాజరుపరుస్తారు. అంటే చేతిలో ఉన్నది మూడు గంటలా ఇరవయ్యయిదు నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు ఈ పుస్తకం చదవడానికి పోతాయని తలుచుకుంటేనే అతనికి ఒళ్లు మండింది.

సర్వేయరు అంటే పొలాలు కొలిచేవాడు కాదు. పదిహేడేళ్లు ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లు చూసి నష్టం తేల్చినవాడు. సొట్ట చూస్తే చాలు, బండి స్తంభానికి గుద్దుకుందా, సొంత బావమరిది చేత గుద్దించారా చెప్పేసేవాడు. ఒకరోజు పైఅధికారి కారు సొట్ట గురించి కూడా ఉన్నదున్నట్టు రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. మనుషులు అబద్ధాలాడతారన్న బాధ అతనికి ఏనాడూ లేదు. ఇంత చేతకాకుండా ఆడతారేమిటన్నదే బాధ.

అతని వెనక బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ మనిషి మాస్టారి అక్క. తమ్ముడి డ్రైవింగ్ స్కూల్లో బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపుతుంది, రోడ్డు గుర్తులు వల్లె వేయిస్తుంది. తమ్ముడు ఇరవయ్యేళ్లుగా పక్కసీట్లో కూర్చుని “క్లచ్, క్లచ్” అని అరిచి అరిచి క్లచ్ మాస్టారైపోయాడు. జీవితంలో ఒక్క మంచి వస్తువు కొనుక్కోవాలనుకున్నాడు పాపం. క్లాసు గదిలో గోడకి ఒక రేసు కారు బొమ్మ. ఇదే పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఈ గ్యాలరీకి నాలుగుసార్లు తిరిగి, రెండు వారాల క్రితం ఒకటి కొన్నాడు. మలుపు తిరుగుతున్న ఎర్రకారు. కింద ముసలి చిత్రకారుడి సంతకం. రేసు కార్లకి మెకానిక్కుగా సగం జీవితం గడిపి, తర్వాత కుంచె పట్టిన మనిషి ఆయన. కార్ల బొమ్మల్లో ఆయన మాటే మాటని తెలిసినవాళ్లంటారు.

బొమ్మ గోడకెక్కింది. పది రోజులు మాస్టారు దాన్ని చూసి మురిశాడు. పదకొండో రోజు మలుపుల పాఠం చెబుతూ బోర్డు మీద కారు గీసి, తల తిప్పి గోడవంక చూసి, సుద్దముక్క కింద పడేశాడు. నిన్న బొమ్మని దుప్పట్లో చుట్టుకుని తిన్నగా చిత్రకారుడి ఇంటికే వెళ్లాడు.

మాస్టారు పోలీసులకి చెప్పింది ఇదీ. మూడూ ఐదుకి చేరాడు. ముసలాయన బొమ్మ చూసి, ఇది నేను వెయ్యలేదన్నాడు. ఆ మాటే రాసిమ్మంటే బొమ్మ తిప్పి వెనక అంటించిన గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో రాశాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి రెండు ముక్కలకే పది నిమిషాలు పట్టింది. బొమ్మ ఇక్కడే ఉంచు, వాణ్ణి పిలిపించి నేనే అడుగుతానన్నాడు. మూడూ నలభైకి మాస్టారు బయటపడ్డాడు. నాలుగింటికి కొత్తగా చేరినావిడకి పాఠం ఉంది, వెళ్లి చెప్పాడు. అతని మాట అంతవరకే. ఐదున్నరకి సలహాలాయన ఆ ఇంటికి వెళ్లేసరికి ముసలాయన మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. పోలీసులొచ్చారు, బొమ్మ తిప్పి చూశారు. వెనక కాగితం మీద ఒక్క అక్షరం లేదు. అబద్ధాలకోరు దొరికాడని ఆరున్నరకల్లా మాస్టారిని లోపల వేశారు. ముసలాయన ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆయన కన్నుమూస్తే ఇది హత్యకేసు.

“నిన్న ఎన్నింటికి వెళ్లారండీ అక్కడికి?” అని సర్వేయరు అడిగాడు.

ఐదున్నరకని, నిమిషం అటూ ఇటూ కాదని సలహాలాయన చెప్పాడు. ఎందుకు వెళ్లారంటే ప్రతి నెలా వెళ్లి యోగక్షేమాలు కనుక్కోవడం తన అలవాటన్నాడు. మేడ మీదకి వెళ్లారా అంటే లేదు, మెట్ల కిందే ఆయన్ని చూసి అంబులెన్సుకి ఫోన్ చేశానన్నాడు. బొమ్మ ముట్టుకున్నారా అంటే అది పైన గదిలో ఉందన్న సంగతే పోలీసులు చెబితే తెలిసిందన్నాడు. ఒక్కొక్క జవాబూ ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు వచ్చింది.

సర్వేయరు గోడల వెంట నడిచాడు. ఈ ఏడాదే వచ్చిన కొత్త పెయింటింగులట, ఏడు, అన్నిటి కిందా అదే ముసలాయన సంతకం. ఐదింటిలో కారు తిన్నగా పోతోంది. రెండింటిలో మలుపు తిరుగుతోంది. ఆ రెండింటి ముందు అతను ఆగాడు. కుడివైపు తిరుగుతున్న కారు కుడివైపుకే ఒరిగి ఉంది, మోటారు సైకిలు ఒరిగినట్టు. బస్సులో నిలబడి ప్రయాణం చేసిన ఎవణ్ణడిగినా చెబుతాడు, బండి కుడికి తిరిగితే మనిషి ఎడమకి తూలతాడని. కారు ఒళ్లూ అటే ఒరుగుతుంది. రేసుల్లో సగం జీవితం గడిపిన మెకానిక్కుకి ఆ సంగతి తెలియదంటే నమ్మడానికి సర్వేయరు చెవిలో ఎవరూ పువ్వు పెట్టలేదు.

“మీకు డ్రైవింగ్ వచ్చాండీ?”

“నేను వెనకసీటు మనిషిని. కళాదృష్టి ఉన్నవాడికి స్టీరింగు ఎందుకండీ?”

“అదే అనుకున్నా. మొహం చూస్తేనే తెలుస్తోంది.”

సలహాలాయన నవ్వాడు. పొగిడాడనుకున్నాడో ఏమో. కొత్తవాళ్లకి తాను చేస్తున్న సేవ గురించి అందుకున్నాడు. పోస్టరు వేరు, అచ్చు వేరు, చేత్తో వేసిన బొమ్మ వేరు, ఈ తేడా తెలియక ఎంతమంది మోసపోతున్నారో అన్నాడు. కారు ఖరీదైనదని బొమ్మ కొనకూడదు, బొమ్మ నచ్చితేనే కొనాలన్నాడు. కిటికీకి ఎదురుగా తగిలించకూడదు, ఎండకి రంగు వెలుస్తుందన్నాడు. అవన్నీ నిజాలే. సర్వేయరుకి అదే మరీ కంపరంగా ఉంది. దొంగవెధవ చెప్పే పది మాటల్లో పదీ నిజాలైతే ఇంక ఎవణ్ణి ఏమని తిట్టాలి?

వెనకగది తలుపు తెరిచే ఉంది. లోపల ఫ్రేములు కట్టే బల్ల, దాని మీద గోధుమరంగు కాగితం చుట్ట, జిగురు గిన్నె, నీళ్ల స్పాంజి, గ్యాలరీ పేరు అచ్చేసిన లేబుళ్లు. బల్ల కింద పిడి ఉన్న చెక్కపెట్టె. అదేమిటని అడిగితే సలహాలాయన ఛాతీ విరుచుకున్నాడు. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి తనే బొమ్మ తగిలించి వస్తాడట, ఆ సరంజామా అంతా పెట్టెలో పెట్టి, ఎటు వెళ్లినా కారులో వెంట తీసుకెళతాడట. వెనక కాగితం వెయ్యకుండా ఏ బొమ్మనీ తన చేతిమీదుగా పోనివ్వడట.

“ఆ పని పనివాళ్లకి అప్పగిస్తారా?”

“ఛ. వెనకవైపు నేనే. కాగితం తడిపి, అంటించి, ఆరేదాకా నిలబడి చూస్తాను. ఆరితే బిగుసుకుంటుంది. లేబుల్ కూడా నేనే. సరిగ్గా మధ్యలో, కొలబద్ద పెట్టి.”

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అడగవలసింది అడిగాడు, తెలియవలసింది తెలిసింది. నమస్కారం పెట్టి బయటికి నడవాలి. కానీ సర్వేయరుకి ఒక జబ్బుంది. ఎదుటివాడి తెలివితక్కువతనం అతనికి కనిపిస్తే చాలదు, అది తనకి కనిపించిందని ఎదుటివాడికి కూడా తెలియాలి. ఇంట్లో భార్య ఈ జబ్బు గురించి చెప్పి చెప్పి విసిగిపోయి మానేసింది.

చేతిలో పుస్తకం తెరిచి మొదటి సలహా పైకి చదివాడు. “‘కొనేముందు బొమ్మను తిప్పి చూడండి. వెనకవైపు అబద్ధం చెప్పదు. వీలైతే ఫొటో తీసి దాచుకోండి.’ బాగా రాశారండీ. మా మాస్టారు మీ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. మీ కొట్లో, మీ బల్ల మీదే, తిప్పి ఫొటో తీసుకున్నాడు. ఇదిగో, వాళ్లక్కయ్య ఫోన్లో భద్రంగా ఉంది.”

సలహాలాయన చెయ్యి పుస్తకాల దొంతర మీద ఉంది. దాన్ని సర్దడం మొదలుపెట్టాడు. సర్దిందే సర్దాడు. తర్వాత, చాలా సంతోషం, పాఠకుడంటే అలా ఉండాలి అన్నాడు. నవ్వు మొహం మీదే ఉంది, రంగు మాత్రం దిగిపోయింది. సర్వేయరు ఆ మొహాన్ని తీరిగ్గా చూసి, మనసారా తృప్తిపడి బయటికొచ్చాడు.

కారెక్కాక అక్క నెమ్మదిగా, ఆ ఫొటో సంగతి ఆయనకి చెప్పకుండా ఉండాల్సిందేమోనంది. దొంగని కంగారు పెడితేనే తప్పు చేస్తాడమ్మా, ఇది నాకు కొత్త కాదు, అని సర్వేయరు గేరు మార్చాడు. ఆవిడ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

చిత్రకారుడి ఇల్లు చేరేసరికి రెండూ యాభై. కింద కార్ల షెడ్డు, విప్పదీసిన ఇంజను ఒకటి. పక్కనించి మేడ మీదకి పన్నెండు సిమెంటు మెట్లు. కింద మెట్టు పక్కన సుద్దగీత ఇంకా ఉంది. పైన, సీలు వేసిన గది ముందు, తాళం గుత్తి వేలికి తగిలించి తిప్పుతూ ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు.

వీళ్లిద్దరూ తోడల్లుళ్లు. ఇన్‌స్పెక్టరు పెద్దల్లుడు, సర్వేయరు చిన్నల్లుడు. అత్తగారింట్లో పెద్దల్లుడికి కుర్చీ వేస్తారు, చిన్నల్లుణ్ణి ఆ కుర్చీ తెమ్మంటారు. పదమూడేళ్లుగా ఇదే వరస.

“వచ్చావా తమ్ముడూ? గంట టైమిస్తున్నా. మీ ఆవిడ ఫోన్ చేసి బతిమాలింది కాబట్టి. లేకపోతే సీలు విప్పేవాణ్ణి కాదు.”

“మీ మరదలు బతిమాలిందా అన్నగారూ? పొద్దున నాతో మాత్రం, మీ అన్నగారు మళ్లీ పప్పులో కాలేశారట కదా, పోయి కడిగి రండి అంది.”

అక్క తల దించుకుంది. ఇన్‌స్పెక్టరు తాళం తీశాడు.

గదిలో ఉత్తరపు కిటికీ, దాని ముందు బొమ్మలు వేసే స్టాండు. మాస్టారి బొమ్మ గోడకి ఆనించి ఉంది, ఎర్రకారు గదిలోకి చూస్తూ. సర్వేయరు దాని జోలికి వెళ్లలేదు. ముందు కుంచెలు తీశాడు. ఒక్కొక్కటీ వేళ్లతో వంచి చూశాడు. వెంట్రుకలు గడ్డకట్టి పుల్లల్లా ఉన్నాయి. టర్పెంటైను సీసా మూత తిప్పితే తిరగలేదు, చుట్టూ జిగట ఆరి బిగుసుకుపోయింది. రంగుల పలక మీద రంగులన్నీ ఎండి బీటలిచ్చాయి. కిటికీ గట్టు మీద మూతున్న గ్లాసు, అందులో పీల్చే గొట్టం. పక్కన లావు పెన్సిలు, దాని చుట్టూ గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టి ఉంది, వేళ్లకి పట్టు చిక్కడానికి.

“ఈయన కుంచె పట్టి కనీసం రెండేళ్లయింది. మంచినీళ్లు కూడా గొట్టంతో తాగుతున్న మనిషి, ఈ ఏడాది ఏడు పెయింటింగులు వేశాడా? అవి ఆ గ్యాలరీవాడు ఎవరిచేతో వేయించి, ఈయన పేరు పెట్టి అమ్ముతున్నాడు. మాస్టారు వచ్చి చూపించేదాకా ఈ పెద్దాయనకి ఆ సంగతి తెలియదు.”

ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా అంతా విన్నాడు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు కూడా. తర్వాత మూసేసి నవ్వాడు.

“చాలా థాంక్స్ తమ్ముడూ. పొద్దుట్నించి నాకు తలనొప్పంతా ఒక్కదాని గురించే. ఆ మాస్టారు ముసలాయన్ని ఎందుకు తోశాడు? నువ్వొచ్చి చెప్పావు. ఆశపడి కొన్న బొమ్మ దొంగదని తేలింది, తిక్కరేగింది, తోశాడు. కోర్టులో నీ పేరే చెబుతాలే.”

సర్వేయరు అవమానం మింగాడు. ఇన్నేళ్లలో పెద్దల్లుడు ఒకే ఒక్కసారి సరైన చోట దెబ్బ కొట్టాడు, అదీ ఇవాళే కావాలా అనుకున్నాడు. మూడూ పదిహేనయింది.

అప్పుడు వెళ్లి బొమ్మని ఎత్తి, తిప్పి, కిటికీ దగ్గర నిలబెట్టాడు. గోధుమరంగు కాగితం నాలుగు అంచులకీ బిగిసి ఉంది. మధ్యలో గ్యాలరీ లేబుల్, కొలబద్ద పెట్టినట్టు తిన్నగా. వేలితో కొట్టాడు. డప్పులా మోగింది. ముక్కు దగ్గర పెట్టి చూశాడు. జిగురు వాసన ఇంకా పోలేదు.

“అమ్మా, ఆ ఫోనివ్వు.”

మాస్టారి ఫొటోలో ఇదే బొమ్మ, ఇదే వెనకవైపు. పక్కనే ఒక మూల ఆ చిన్న పుస్తకం కూడా పడింది, చదువుతూ తీసినట్టున్నాడు. కానీ ఫొటోలోని కాగితం మీద కుడిమూల గుండ్రటి మరక ఉంది, ఎవరో టీ గ్లాసు పెట్టినట్టు. లేబుల్ కింద ఎడమ అంచు కొంచెం లేచింది. ఇన్‌స్పెక్టరు ఫోను తీసుకుని బొమ్మవంక చూశాడు, మళ్లీ ఫోనువంక చూశాడు. మూడోసారి చూసేటప్పుడు కళ్లజోడు పెట్టుకున్నాడు.

“మరక ఎటు పోయింది అన్నగారూ? ఉతికారా?”

ఇన్‌స్పెక్టరు ఫొటోలో మరకని వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

సర్వేయరు చెప్పుకుపోయాడు. ముసలాయన ఈ కాగితం మీద రాశాడు. మాస్టారు వెళ్లాక గ్యాలరీవాడికి ఫోన్ చేశాడు. వాడొచ్చాడు, ఐదున్నరకి కాదు, అంతకి చాలా ముందే, ఎన్నింటికి దింపాడో వాడి డ్రైవరుని అడిగితే తెలుస్తుంది. మెట్ల దగ్గర ముసలాయన కింద పడ్డాడు. తర్వాత వాడు పైకొచ్చి రాత చూశాడు. బొమ్మ ఎత్తుకుపోతే మాస్టారు చెప్పిందే నిజమవుతుంది. కాగితం చింపి వదిలేస్తే చింపింది కనబడుతుంది. కారులో సరంజామా పెట్టె ఎలాగూ ఉంది. పాత కాగితం ఒలిచేసి కొత్తది వేశాడు.

“కింద మనిషి నెత్తురోడుతూ పడి ఉంటే వీడు పైన కాగితం తడిపి, అంటించి, ఆరేదాకా నిలబడ్డాడు. ఆఖరికి లేబుల్ కూడా వేశాడు అన్నగారూ. వెయ్యకుండా ఉండలేడు. వెనకవైపు ఖాళీగా వదలడం వాడికి చేతకాదు. కొలిచి మరీ వేశాడు దరిద్రుడు.”

“ఇది అనుమానం తమ్ముడూ. కాగితం మాస్టారే మార్చి ఉండొచ్చుగా?”

“వాడి దగ్గర గ్యాలరీ లేబుళ్లెక్కడివి? సరే, విప్పి చూద్దాం. కింద అట్ట ఉంటుంది. వణికే చేత్తో రాసేవాడు అదిమి రాస్తాడు.”

సాక్ష్యాన్ని చింపడం కుదరదని ఇన్‌స్పెక్టరు అన్నాడు. అలాగే వదిలేయండి, కోర్టులో అవతలి లాయరు చింపుతాడు, అప్పుడు మీ మొహం చూడ్డానికి మన అత్తగారిని కూడా పిలుచుకొస్తానన్నాడు సర్వేయరు. ఆ మాట పనిచేసింది. కానీ చాకు సర్వేయరు చేతికివ్వడం పెద్దల్లుడికి ఇష్టం లేక తనే తీసుకుని నాలుగు అంచులా కోశాడు. ఫొటోలు తీసుకుంటూ, కొలతలు రాసుకుంటూ, నిదానంగా. సర్వేయరు పళ్లు నూరుకుంటూ గడియారం చూస్తూ నిలబడ్డాడు. కాగితం లేచేసరికి మూడూ నలభై ఐదయింది.

కింద పల్చటి తెల్ల అట్ట. శుభ్రంగా ఉంది. ఇన్‌స్పెక్టరు కనుబొమ్మ ఎగరేశాడు. సర్వేయరు అట్టని కిటికీ వెలుగుకి అడ్డంగా వంచాడు. గుంటలు కనిపించాయి, సన్నగా, వంకరటింకరగా. గుడ్డ చుట్టిన పెన్సిలు తెచ్చి, సీసం పడుకోబెట్టి, గాలి తగిలినంత తేలిగ్గా రుద్దాడు. నల్లదనంలోంచి తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. అక్క వాటిని పైకి చదివింది. రోడ్డు గుర్తులు చదివించే గొంతుతోనే.

‘ఈ బొమ్మ నాది కాదు. మలుపులో కారు ఇటు ఒరగదు. ఈ అబ్బాయి పట్టుకున్నాడు.’

కింద పేరు, నిన్నటి తేదీ.

“మా తమ్ముడు అబద్ధం చెప్పలేదండీ,” అంది అక్క. అది ఇన్‌స్పెక్టరుతో అంది. ఏడుస్తోంది గానీ కళ్లు మాత్రం ఆయన మొహం మీదే ఉన్నాయి. “కావలసింది రాయించుకున్నాక, రాసిచ్చిన మనిషిని ఎవరైనా తోస్తారా?”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కోర్టువాళ్లకి ఫోన్ చేస్తానన్నాడు, మాస్టారి సంగతి తను చూసుకుంటానన్నాడు. క్షమాపణ అన్న మాట ఆయన నోట రాదు, ఇదే దాని బదులు. సర్వేయరు దాన్ని అక్కడికక్కడే ఆనందంగా అనుభవించబోయాడు. నోటి చివర ఒక మాట సిద్ధంగా కూడా ఉంది. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చి ఆ మాట లోపలే ఉండిపోయింది.

“ఆస్పత్రిలో ముసలాయన దగ్గర ఎవరున్నారు?”

“ఎవరుంటారు, నా అన్నవాళ్లు లేరాయనకి. గ్యాలరీ ఆయనే దగ్గరివాడినని సంతకం పెట్టాడు. ఏమున్నా ఆయనకి కబురు చెయ్యమని నేనే చెప్పా.”

“కానిస్టేబులు?”

ఇన్‌స్పెక్టరు ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు. దొంగ లోపలుండగా బయట కాపలా ఎందుకని పొద్దున్నే తీసేశానన్నాడు. అంటూనే ఫోన్ తీసి ఆస్పత్రికి కలిపాడు. గదిలో ముగ్గురికీ వినబడేలా పెట్టాడు. నాలుగూ ఐదయింది.

ఎత్తింది వార్డు నర్సు. ఆవిడ గొంతు సంతోషంగా ఉంది. పెద్దాయన కళ్లు తెరిచారని, రెండుంబావుకి గొంతు తడుపుకోవాలని గొట్టం అడిగారని చెప్పింది. మాట ముద్దముద్దగా వస్తోందట, మెట్లు మెట్లు అంటున్నారట. చెప్పిన ప్రకారం వెంటనే ఆ దగ్గరి బంధువుకి ఫోన్ చేస్తే, అప్పటికే అంబులెన్సు మాట్లాడుకుని ఇక్కడికే బయల్దేరానన్నారట.

“ఆయనొచ్చారా?”

“వచ్చారు సార్. అంబులెన్సు కూడా తనే తెచ్చుకున్నారు. వద్దన్నా వినకుండా కాగితాల మీద సంతకం పెట్టి మూడూ ఇరవైకి తీసుకెళ్లిపోయారు. ఏ ఆస్పత్రికో చెప్పలేదు. ఇక్కడ పెద్దాయన ప్రాణానికి భద్రత లేదని ఎవరో డిటెక్టివ్ గారు మధ్యాహ్నం ఆయన కొట్టుకి వచ్చి సలహా ఇచ్చారటండీ.”

ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. కింద జీపు స్టార్టయిన చప్పుడు, వైర్‌లెస్‌లో అంబులెన్సు నంబరు కోసం ఆయన అరుపులు వినబడుతున్నాయి. మూడూ ఇరవైకి సర్వేయరు ఈ గదిలోనే ఉన్నాడు, బొమ్మ వెనక వేలితో కొట్టి చూస్తూ.

అక్క కదల్లేదు. ఫోన్లో తమ్ముడు తీసిన ఫొటో ఇంకా వెలుగుతూ ఉంది, బొమ్మ వెనకవైపు, పక్కన ఆ చిన్న పుస్తకం మూల. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

“మీరు నవ్వుతూ ఆయనకి ఈ ఫొటో సంగతి చెప్పకపోతే, ఆయన ఇవాళ ఆస్పత్రికి వెళ్లేవాడాండీ?”

ఎవరికైనా, దేనికైనా జవాబు నాలుక చివరే ఉంచుకునే సర్వేయరు ఈసారి ఒక్క మాటతో సరిపెట్టాడు.

“లేదమ్మా,” అని, ఆవిడని అక్కడే వదిలి పన్నెండు మెట్లూ పరుగున దిగాడు.